కుట్టు నేర్పాను, కూలిలెక్క నేర్పలేదు

మద్రసా అనగానే మనలో చాలామందికి మతగ్రంథం వల్లెవేసే పిల్లలే కళ్లముందు మెదులుతారు. తూర్పు జావాలోని వొక మద్రసా ఆలియాలో నేను అడుగుపెట్టిందీ ఆ తలపుతోనే. అది పది నుంచి పన్నెండు తరగతుల ఇస్లామీయ పాఠశాల. ఇండొనీసియాలో ముగ్గురు మంత్రులు 1975లో చేసిన ఉమ్మడి నిర్ణయం మద్రసా చదువులో 70 శాతం సాధారణ విద్యకు కేటాయించి, ఆ పట్టాకు తక్కిన బడుల పట్టాతో సమానమైన విలువ యిచ్చింది. అక్కడ భౌతికశాస్త్రమూ వున్నది, కుట్టుగదీ వున్నది.

ఆ రోజుల్లో నేను అక్కడి దుస్తుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరును. శనివారాలు వచ్చి పిల్లలకు మిషనుకుట్టు నేర్పమని హెడ్మాస్టరు అడిగితే సంతోషంగా వొప్పుకున్నాను. మా నాన్న తెనాలిలో దర్జీ. కత్తెర పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాలరు తిప్పడం, కాజాలు కుట్టడం, గుడ్డ వృథా కాకుండా కత్తిరించడం అన్నీ శ్రద్ధగా నేర్పాను.

వొకనాడు వెనక మిషను దగ్గరి అమ్మాయి లేచింది. "పాక్," అన్నది. పెద్దలను అక్కడ అట్లా పిలుస్తారు. "మా అక్క మీ ఫ్యాక్టరీలోనే చేస్తుంది. చొక్కాకింత అని యిస్తారట. ఆ రేటు ఎట్లా కడతారు?"

ఆ రేటు కట్టేవాళ్లలో నేనూ వొకణ్ణి. ఎన్ని నిమిషాల పని, ఎంత దారం, ఎంత లాభం, అంతా నాకు కంఠోపాఠం. "అది పాఠంలో లేదమ్మా" అన్నాను. ఆమె కూర్చున్నది. మిషన్లు మళ్లీ నడిచాయి.

అనియత విద్యను గూర్చి చెబుతూ 2003 నాటి ఇండొనీసియా విద్యాచట్టం జీవననైపుణ్యాన్ని నాలుగు విధాలుగా వివరించింది: వ్యక్తిగత, సాంఘిక, మేధా, వృత్తి నైపుణ్యాలు. వాటిలో మూడింటిని వొదిలి వొకటే నేర్పినవాణ్ణి నేను. తప్పు చట్టానిది కాదు, మతానిది అసలే కాదు. పనివాళ్లు కావాలి, లెక్క అడిగేవాళ్లు వద్దు అనుకున్న మా యాజమాన్యానిది. దాని జీతానికి తలవొగ్గిన నాది.

మా నాన్నకు చదువు రాదు. అయినా బట్టలకొట్టు షావుకారు యిచ్చిన పనికి ప్రతి రాత్రీ గోడమీద బొగ్గుతో గీతలు గీసి లెక్క తేల్చుకొనేవాడు. ఆ గోడ సంగతి ఆ పిల్లలకు చెప్పి వుండవలసింది. వృత్తివిద్య వద్దని నేననను. దాన్ని నేర్పే ప్రతి గదిలోను కూలిలెక్క కూడ పాఠం కావాలంటాను.