విప్పిన యింటిలో అరువది దినములు

మన ఉత్తర తెలంగాణములో ఇల్లు విప్పి కట్టుకొనుటకు ఒక కాలము కలదని మీరెరుగుదురు. మృగశిర మొదలు వానలు తగ్గువరకు ఎవరును గోడమీద గడ్డపార వేయరు. అక్టోబరు నడుమకు నైరుతి వానలు వెనుదిరుగును. తంగేడు, గునుగు విరగబూయును. సీతాఫలములు గంపలకెత్తి అంగడికి వచ్చును. అప్పుడు మానేటి ఇసుక ట్రాక్టర్లు వీధులలో తిరుగ నారంభించును. ఎండ కాయును గాని మండదు గనుక సిమెంటు త్వరపడి ఆరి పగులదు. ఇల్లు కట్టువారికి ఇంతకంటె మంచి ఋతువు లేదు. అయితే చంటిపిల్లలతో అదే యింటిలో కాపురముండవలసిన తల్లికి ఆ ఋతువు ఎట్లు గడచునో, ఆ సంగతి మీతో ముచ్చటింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది జగిత్యాల వైపు పల్లె. 2016 దసరా నాడు పాత కరీంనగరు జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలు వేరుపడినవి గాని, మా అత్తమ్మను ఎవరైన అడిగినయెడల "మాది కరీంనగరు జిల్లా" అనియే నేటికిని చెప్పును. ఆమె కాపురమునకు వచ్చిన యిల్లే మా యిల్లు. మట్టిగోడలు, గూన పెంకులు, మూడు అర్రలు, ముందు అరుగు, వెనుక పశువుల కొట్టము. ఏటేట వేసవి చివర పెంకులు తిప్పించుచునే యుంటిమి. కాని మా దిక్కున పెంకుటిండ్లకు వానకంటె కోతులు పెద్ద శత్రువులు. ఒక్క మంద పైకెక్కి దుమికిన చాలును, తిప్పించిన కూలి అంతయు నేలపాలే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో తెలంగాణమంతట కురిసిన పెనువానలకు మా పడమటి గోడ నాని, కడుపు ఉబ్బినట్లు ముందునకు వచ్చినది. ఇక ఆగుటకు వీలులేకపోయెను.

మా వారు దుబాయిలో షట్టరింగు పని చేయుదురు. మీ ఊరినుండియు ఇట్లు పోయినవారు తప్పక యుందురు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి ఆ యెడారి దేశములలో కట్టడములు లేచుట మొదలయినది మొదలుకొని మన కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు పల్లెల మగవారు అచ్చటికి పోవుచునే యున్నారు. అంతకు ముందు తరమువారు బొంబాయికిని, సిరిసిల్ల సాలెవారు భివండికిని పోయిరి. 2010 జనవరిలో తెరచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా వంటి మేడలకు చెమటోడ్చినవారు ముఖ్యముగా మన దక్షిణాసియా కూలీలే. మా వారు పరుల మేడలకు ఎన్ని అంతస్తుల చెక్కలు కొట్టిరో లెక్కలేదు. సొంత యింటి గోడ ఒరిగినప్పుడు మాత్రము ఫోనులో చూచి ఊరకుండవలసి వచ్చెను. ఎట్టకేలకు అరువది దినముల సెలవు దొరికెను. సెప్టెంబరు 23న వచ్చి నవంబరు 22న మరల విమానమెక్కవలెను.

మా బిడ్డకు ఎనిమిదేండ్లు. దానికి తండ్రి జ్ఞాపకము కలదు. కొడుకు ఏడు నెలలవాడై యుండగా ఆయన పోయిరి. తిరిగివచ్చునప్పటికి వానికి మూడేండ్లు నిండినవి. వచ్చిన రాత్రి వాడు నాయనమ్మ కొంగు వెనుక దాగెను. ఆయన చేయి చాపగా వాడు పరుగున పోయి నా ఫోను తెచ్చి అందరికిని చూపుచు, "మా బాపు గిండ్ల ఉంటడు" అనెను. అందరము నవ్వితిమి. ఆయనయు నవ్విరి గాని, ఆ రాత్రి అన్నము సగము విడిచి లేచిరి.

మరునాడు చుట్టములందరు ఒకే మాట చెప్పిరి. ఇల్లు విప్పుచున్నారు, దుమ్ము, సలాకలు, గుంతలు. పిల్లలను తల్లిగారింటికి పంపుమనిరి. మంచి మాటయే. మీరైనను అదే చెప్పియుందురు. కాని లెక్క వేసి చూడుడి. ఉన్నవి అరువది దినములు. పిల్లలు నా తల్లిగారింట, తండ్రి ఇసుక కుప్ప దగ్గర ఉన్నయెడల, పని ముగియునప్పటికి గోడ నిలుచును గాని మధ్యనున్న ఆ మూడేండ్ల యెడము అట్లే యుండును. నేను పంపనంటిని. అత్తమ్మ కొంత గొణిగి, పిమ్మట తానే కొట్టములో మూడు రాళ్ల పొయ్యి పెట్టెను. ముందరి అర్రలో ఐదుగురమును ఒక వరుసను పండుకొంటిమి. ధాన్యపు గోనెలు, బీరువా, పిల్లల పుస్తకములు, కోళ్లగంప అన్నియు మాతోనే!

పంపకుండిన తరువాత కావలి కాయవలెను గదా. తల్లులారా, ఈ భాగము కొంచెము నిదానముగా చదువుడి.

మా దర్వాజలు పాత టేకువి. నలుబది ఏండ్ల క్రింద పచ్చని ఆయిలు రంగు వేసినవి. పాత ఆయిలు రంగులలో సీసము కలిపెడివారు. ఆ రంగు గీకినప్పుడు లేచు దుమ్ము నేలమీద పడును, నేలమీద పాకు పిల్లల వ్రేళ్లకు అంటును, వ్రేళ్లు నోటిలోనికి పోవును. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు చేయు హాని మరల బాగుపడునది కాదు. ఇంతవరకైతే భయము లేదనదగిన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇండ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశములో 2016లో చేసిన నియమము 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినది. కాబట్టి క్రొత్త డబ్బా కొనువారికి కొంత ధైర్యము కలదు. పాత తలుపు గీకువారికి లేదు. మా వారు తలుపులూడదీయించి ఊరి వెలుపలి కల్లమునకు చేర్పించిరి. అక్కడ నీళ్లు చల్లి తడిగా గీకించి, ఆ పొట్టునంతయు సంచిలో కట్టించిరి. గీకిన మనుష్యుడు స్నానము చేసి బట్టలు మార్చుకొన్న తరువాతనే మా వాకిట అడుగుపెట్టెను. సుతారి ఇదంతయు చూచి, "గింత సోకా!" అని నవ్వెను. నవ్వనిండు.

సున్నపు రాళ్లు నీళ్లలో వేసి ఉడికించునప్పుడు పిల్లలకు అది పెద్ద వేడుక. పొయ్యి లేకయే కుతకుత ఉడుకుచుండును. ఒక్క చుక్క కంటిలో పడినయెడల చూపే పోవచ్చును. ఆ దినము ఇద్దరిని నాయనమ్మ వెంట మక్కచేనికి పంపితిని. నీళ్ల డ్రమ్ములకు మూతలుంచి పైన రాళ్లు పెట్టితిమి, ఏలయన పసిపిల్లవాడు మునుగుటకు జానెడు నీళ్లు అక్కరలేదు, అంతకు తక్కువయే చాలును.

ఇక అసలు సంగతికి వత్తును. పడమటి గోడ కూల్చి క్రొత్త పునాది తీయునప్పుడు మూల సరిగా రావలెను. అందుకు సుతారులు చేయు పని మీరు చూచియుందురు. ఒక ప్రక్క మూడడుగులు, ఒక ప్రక్క నాలుగడుగులు కొలిచి మేకులు పాతుదురు. ఆ రెండు మేకుల నడుమ దారము సరిగా ఐదడుగులైనయెడల మూల కుదిరినది. ఆనాడు కూలీలు తక్కువైరి. వరికోతలు, పత్తి ఏరుట మొదలయినవి గనుక మనుష్యులు దొరకుట గగనము. దారము కొస పట్టుకొనుటకు మా వారు అటునిటు చూచి, కొడుకును పిలిచిరి. "ఇగ పట్టు. కదలకు." వాడు పట్టెను. ముక్కు కారుచున్నను తుడుచుకొనక నిలిచెను!

అది మొదలు. తరువాత నీళ్ల పైపు వచ్చెను. పొడుగాటి తెల్లని గొట్టములో గాలిబుడగ లేకుండ నీళ్లు నింపి, ఒక కొస ఈ గోడకును ఒక కొస ఆ గోడకును పెట్టినయెడల, నడుమ గొట్టము ఎన్ని వంకలు పోయినను రెండు కొసలలో నీరు ఒకే యెత్తున నిలుచును. తండ్రి ఆ గదిలో, కొడుకు ఈ గదిలో. నడుమ గోడ యుండుటచేత ఒకరికొకరు కనబడరు. "నిలిచినయా?" అని ఆయన కేక వేయును. నీరు కొంతసేపు పైకిని క్రిందికిని ఊగి ఆగువరకు వాడు ఊపిరి బిగబట్టి చూచి, "నిలిచినయి బాపూ!" అని అరచును. అప్పుడాయన పెన్సిలుతో గీత గీయును. "బాపూ" అని వాడు మొట్టమొదట పిలిచినది ఈ పని మధ్యనే. ఆయన గీత గీయుట కొంత ఆలస్యమయ్యెను. సుతారి తొందరపెట్టెను.

బిడ్డ సంగతి వేరు. అది తండ్రి మెడను వ్రేలాడలేదు, అలుగలేదు. క్యాలెండరులో నవంబరు 22 చుట్టు పెన్సిలుతో సున్న చుట్టి, ప్రతి ఉదయమును మిగిలిన దినములు లెక్కించుచుండెను. బతుకమ్మ తొమ్మిది దినములును వాడకట్టు పిల్లలతో గునుగు కోసుకొని వచ్చి, ఇటుకల దొంతిమీద తాంబాళము పెట్టి పేర్చినది. దసరా నాడు, అనగా అక్టోబరు 12న, తండ్రికి జమ్మి ఆకు చేతిలో పెట్టి, "బంగారం ఇచ్చిన గదా, ఇగ పోకు" అనెను. పెద్దవారమందరము అక్కడనే యుంటిమి. ఎవరికిని మాట దొరకలేదు.

అక్టోబరు 17న వెనుక రెండర్రలకు స్లాబు పోసిరి. తెల్లవారుజాము మొదలు మిక్సరు మ్రోత, కంకర, ముప్పది మంది కూలీలు. చెక్కలు కొట్టినది మా వారే. ఇన్నేండ్లలో తాను కొట్టిన చెక్కల క్రింద తాను నివసింపబోవుట ఇదియే మొదటిసారి. ముందరి అర్రను మాత్రము గూన పెంకులతోనే నిలిపితిమి. అత్తమ్మ పట్టుదల అది. ఎండకాలములో ఆ చల్లదనము స్లాబు క్రింద రాదని నేనును ఆమె పక్షమే వహించితిని.

స్లాబుమీద మట్టికట్టలు వేసి మడులు చేసి నీళ్లు నిలుపవలెను. కనీసము వారము, ఇప్పటి మిశ్రమ సిమెంటుకైతే పది దినములు తడి ఆరరాదు. కాని నిలిచిన ఆ తేట నీటిలోనే డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. పగటిపూట కుట్టు దోమ అది. గ్రుడ్డు దోమ యగుటకు వారము పది దినములు చాలును. 2019 శరత్కాలములో తెలంగాణములో ఆ జ్వరము ఎంత మందిని పడవేసినదో మనము మరువలేదు. ఇంటికి నీరు కావలెను, ఆ నీరే పిల్లలకు ఆపద. మేము మూడు దినములకొకసారి మడులు తెంపి నీరంతయు పారబోసి, స్లాబు తుడిచి, వెంటనే క్రొత్త నీరు పెట్టితిమి. "ప్రతి ఆదివారము పది గంటలకు పది నిమిషములు" అని 2020లో ప్రభుత్వము చెప్పిన మాటను మా బిడ్డ బడిలో విని జ్ఞాపకముంచుకొన్నది. అది తమ్ముని వెంటబెట్టుకొని పగిలిన గూనలు, గమేళాలు, రంగు డబ్బాలు అన్నియు బోర్లించుచుండెను. ఇంటి పనిలో దాని వాటా అది. మరెవ్వరును డబ్బా ముట్టరాదు.

మా వాడకట్టులో ఒక యిల్లు కలదు. స్తంభములపైన ఇనుప సలాకలు ఆకాశమునకు చూచుచు త్రుప్పుపట్టినవి. పై అంతస్తు వేయవలెనని విడిచిన సలాకలవి. ఆ యింటాయన గల్ఫు నుండి పెట్టెలో వచ్చెను. గల్ఫులో చనిపోయినవారి కుటుంబములకు ఐదు లక్షలిచ్చు ఏర్పాటును రాష్ట్ర ప్రభుత్వము 2024లో చేసినది, ఇచ్చుట మంచిదే. సాయంకాలము స్లాబు తడుపుచు మా వారు అప్పుడప్పుడు ఆ సలాకల వైపు చూచెడివారు. మేమిద్దరమును దానిగూర్చి మాటలాడలేదు. మా స్లాబుకు పైన సలాకలు విడువవద్దని మాత్రము ఆయన సుతారితో చెప్పిరి. ఈ యింటికి ఒక్క అంతస్తు చాలునట.

నవంబరు 7న క్రింది పొట్లు, చెక్కలు విప్పిరి. చెమ్మ వాసన, బూడిద రంగు, ఎక్కడను పగులు లేదు. పిల్లలు ఖాళీ అర్రలో అరచి ప్రతిధ్వని విని మురిసిరి. ఒక అర్రకు గిలాబు పూర్తియయ్యెను. పడమటి అర్రకు కాలేదు. కోతలకు పోయిన కూలీలు రాలేదు, దినములు చాలలేదు. 22వ తేదీన ఆయన శంషాబాదు బస్సెక్కిరి. బిడ్డ క్యాలెండరు త్రిప్పివేసి, "మళ్ల ఎప్పుడు?" అని అడిగి, రెండేండ్లని విని, పలకమీద లెక్క వేసికొనెను.

ఇప్పుడు ఫోను మ్రోగినయెడల కొడుకు దాగుట లేదు. ఫోను నా చేతినుండి లాగుకొని పడమటి అర్రలోనికి పోయి, పూతలేని గోడను, దానిమీది పెన్సిలు గీతలను తండ్రికి చూపుచున్నాడు. గిలాబు పనికి సుతారి ఆదివారములందు వచ్చుచున్నాడు. ఆయన వచ్చునప్పటికి నీళ్ల పైపు వాని భుజముమీద సిద్ధముగా నుండును. మొన్న ప్రక్కింటి పిల్లవాడొకడు రెండవ కొస పట్టబోగా వాడు ఒప్పుకొనలేదు. ఆ కొస మేకుకు తగిలించి, అటుపోయి చూచి, ఇటువచ్చి చూచి, "నిలిచినయి" అని సుతారితో చెప్పెను.