బరువెక్కిన కాలు, జారిన కాలు

మొన్న జుమా నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి ఆపా, ఆమె కొడుకు వచ్చి ఉన్నారు. భాంజా ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. దోస్తులతో కలిసి షార్ట్ ఫిల్ములు తీస్తుంటాడు. యూట్యూబ్‌లో పెట్టే ముందు నాకు చూపించడం వాడి అలవాటు. ఖాన్‌దాన్ మొత్తానికి పేపర్లో పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

"పద్నాలుగు నిమిషాలే మామూ" అంటూ సెల్లు చేతిలో పెట్టాడు.

కథ ఇదీ. మార్కాపురంలో డిగ్రీ చదివే అమ్మాయి. బుర్ఖా వేసుకుంటుంది. క్లాసులో కళ్లు తిరుగుతాయి, బాత్రూంలో వాంతి. డాక్టరమ్మ నాడి పట్టుకు చూసి నేరుగా అబ్బాకి ఫోన్ చేస్తుంది. అబ్బా పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆయన చేతిలో చాయ్ గ్లాసు జారి పగులుతుంది. "మన ఇజ్జత్ ఏం గాను!" అంటాడు. మొహల్లాలో గుసగుసలు. చివరికి కంభం చెరువు కట్ట, మగ్రిబ్ వేళ ఎర్రటి వెలుగు, గట్టు మీద ఒక జత చెప్పులు. నల్లటి తెర మీద ఒక నసీహత్: క్షణికావేశం జీవితాన్ని బలి తీసుకుంటుంది.

కెమెరా పనితనం బాగుంది, అబద్ధం చెప్పను. చెరువు నీళ్ల మీద గాలి కదలిక చూస్తే వాడి మీద ముచ్చటేసింది. మెచ్చుకోబోతుంటే వెనక నుంచి ఆపా గొంతు వినిపించింది. ట్రే పట్టుకుని ఎప్పుడొచ్చిందో, మొత్తం చూసేసింది.

"యే ఛోరీ ముఁ ఖోల్‌తీచ్ నై క్యా రే?" అంది. ఈ పిల్ల అసలు నోరే తెరవదేంరా?

మళ్లీ మొదటినుంచి చూశాను. నిజమే. అబ్బా మాట్లాడతాడు, డాక్టర్ మాట్లాడుతుంది, పక్కింటి ఖాలాలు మాట్లాడతారు. ఎవరి కడుపులో హమల్ ఉందో ఆమెకు పద్నాలుగు నిమిషాల్లో ఒక్క మాట లేదు. ఏడుపు ఉంది, అంతే. ఇక ఆ అబ్బాయి? ఒక్క షాట్‌లో కూడా వాడి ముఖం లేదు.

భాంజాని ఏమీ అనలేకపోయాను. ఇరవై ఏళ్లుగా నేను రాసిన వార్తలు గుర్తొచ్చాయి. పోలీస్ స్టేషన్ నుంచి నోట్ వచ్చేది. "గర్భం దాల్చిన యువతి బలవన్మరణం" అని హెడ్డింగ్ పెట్టేవాణ్ణి. ఆమె వయసు, ఊరు, తండ్రి చేసే పని అన్నీ రాసేవాణ్ణి. అతను మాత్రం "ఓ యువకుడు". వాడి ఫిల్మ్, నా వార్త ఒకే అచ్చులో పోసినవి. నేను అక్షరాలతో చేసింది వాడు కెమెరాతో చేశాడు.

నేను చదివింది ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో. అందుకే ఇలాంటప్పుడు రెండు జబాన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తాను. మన ఇళ్లలో ఆడవాళ్లు హమల్ అనే మాటను గట్టిగా పలకరు. "పాఁవ్ భారీ హై" అంటారు, కాలు బరువెక్కిందని. తెలుగులో పెళ్లయిన పిల్లయితే "నీళ్లోసుకుంది", "ఒట్టి మనిషి కాదు". పెళ్లి కాకపోతే "కాలు జారింది". చూడండి, కాలు అదే. నికాహ్ అయితే బరువెక్కుతుంది, కాకపోతే జారుతుంది. ఆ కాలున్న మనిషి ఏమనుకుంటోందో చెప్పే మాట మాత్రం రెండు జబాన్లలోనూ నాకు దొరకలేదు.

పెద్ద సినిమాలు మాత్రం ఏం చేశాయి? 1979లో కె. బాలచందర్ "గుప్పెడు మనసు" తీశారు. పెళ్లయిన, తనకంటే చాలా పెద్దవాడైన మనిషి వల్ల తల్లయ్యే అమ్మాయిగా సరిత చేసింది. ఆ రోజుల్లో చాలా ధైర్యమైన కథ. 2018లో హిందీలో "బధాయి హో" వచ్చింది. ఎదిగిన కొడుకులున్న నీనా గుప్తాకు అనుకోకుండా హమల్. మేమంతా కలిసి చూసి నవ్వుకున్నాం. సురేఖా సిక్రీకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. పెళ్లికాని పిల్లకే కాదు, పెళ్లయిన ఇంట్లోనూ ఇది జరుగుతుందని చెప్పిన సినిమా అది. కానీ జాగ్రత్తగా చూస్తే, బిడ్డను కనాలన్న ఆ తల్లి ఫైసలా కాసేపట్లోనే తేలిపోతుంది. ఎక్కువ సినిమా పెద్దకొడుకు సిగ్గు చుట్టూనే నడుస్తుంది.

వేరే రకంగా తీసినవాళ్లూ ఉన్నారు. రుమేనియాలో 1966 నుంచి గర్భస్రావం మీద నిషేధం ఉండేది. 1987లో హాస్టల్ అమ్మాయిలిద్దరు ఒక్క రోజులో పడిన అవస్థను క్రిస్టియన్ ముంజియు "4 నెలలు, 3 వారాలు, 2 రోజులు" పేరుతో తీశాడు. 2007లో కాన్‌లో అత్యున్నత అవార్డు దానికే. హోటల్ గది ఎలా దొరుకుతుంది, డబ్బులు ఎవరిస్తారు, వచ్చినవాడు ఏం అడుగుతాడు. సినిమా అంతా ఇదే. ఆ పిల్లలు నేకా బద్‌కారా అని తీర్పు చెప్పదు. మన కథలు వాంతి దగ్గర మొదలై పెళ్లి దగ్గరో చెరువు దగ్గరో ఆగుతాయి. ఆ సినిమా మాత్రం మధ్యలో ఉన్నదాన్నే చూపిస్తుంది.

భాంజాకి ఇంకో సంగతి కూడా చెప్పాను. "నీ డాక్టరమ్మ చేసింది తప్పురా. 1971 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ తన రజామందీ తాను ఇస్తే చాలు. అబ్బా సంతకం, షౌహర్ సంతకం అక్కర్లేదు. ఆమె పేరు బయటపెట్టకూడదు. 2021 సవరణతో 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం సరిపోతుంది. కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. ఆ వీలు పెళ్లికాని వాళ్లకూ ఉందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది."

"మరి దీన్ ఏమంటుంది మామూ?" అన్నాడు.

నేను ఆలిమ్‌ని కాను. నాకు తెలిసినంత చెప్పాను. 120 రోజులకు రూహ్ ఊదబడుతుందని హదీస్ ఉంది. అంతకుముందు గట్టి ఉజ్ర్ ఉంటే జాయిజ్ అన్న ఫుకహా ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అంటే మన కితాబుల్లోనే దీని మీద బహస్ ఉంది. కితాబుల్లో ఉన్న బహస్ మన ఇళ్లలో ఎందుకు లేదు? ఇంట్లో అడిగే దారి లేకే కదా పిల్లలు చెరువు కట్ట దాకా వెళ్తున్నది.

ఆపా అంతా వింటూ ఉంది. చాయ్ చల్లారిపోయింది. అప్పుడు నెమ్మదిగా మొదలుపెట్టింది.

"వీడు నా దగ్గర పాలు తాగుతున్నాడు అప్పుడు. మీ దూల్హాభాయ్ పనికని బెంగళూరులో ఉన్నాడు. నెల తప్పింది. గిద్దలూరులో చూపించుకుంటే ఊరంతా మనవాళ్లే. వీణ్ణి చంకనేసుకుని రైలెక్కి నంద్యాల పోయా. ఉందని చెప్పారు. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. రొట్టెలు చేశా, పిల్లల్ని మద్రసాకి పంపా, తహజ్జుద్‌లో ఏడ్చా. అమ్మీ మొహం చూసి చెప్పబోయి ఊరుకున్నా. తొమ్మిది రోజులురా! ఆపా, ఎందుకట్లా ఉన్నావని ఎవ్వరూ అడగలేదు. నువ్వు కూడా."

ఆ రోజుల్లో నేను వారానికోసారి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని, ఆ వారం నేను రాసిన వార్తలు గొప్పగా చెప్పేవాణ్ణి. ఆమె వడ్డిస్తూ వినేది.

తొమ్మిది రోజుల తర్వాత ఏం చేసిందో ఆమె చెప్పలేదు. ఆపా పిల్లల్ని మనసులో లెక్కపెట్టబోయి, సిగ్గేసి ఆగిపోయాను. ఆ లెక్క నాది కాదు.

భాంజా చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్లి, అమ్మీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "రైల్లో నేను ఏడ్చానా అమ్మీ?" అని అడిగాడు.

"నై రే. తర్లుపాడు దాటకముందే నిద్రపోయావు" అంది ఆపా. అంతలోనే నవ్వేసింది. "తర్లుపాడు ఇటువైపు కదా! గిద్దలూరు దాటకముందే."

వాడు ఫిల్మ్ ఇంకా యూట్యూబ్‌లో పెట్టలేదు. చెప్పుల షాట్ తీసేస్తానన్నాడు. రైలు షాట్ కోసం గిద్దలూరు స్టేషన్‌కి వెళ్తాడట, అమ్మీని కూడా తీసుకుని.