కర్రతో కారు కట్టే ఊరు

ఈస్టర్ సెలవులు వస్తే బర్మింగ్‌హామ్‌లో మా ఇంట్లో ఒకటే చర్చ, ఎక్కడికి వెళ్దామని. పదేళ్ళ మా అమ్మాయి థీమ్ పార్కు అంటుంది, మా ఆవిడ గుడి అంటుంది. ఈసారి అసలు సమస్య మా నాన్న. అమలాపురం దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి. ఆరు నెలలు ఉందామని వచ్చారు. మూడో నెలకే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలో పోయే కార్లు లెక్కపెడుతున్నారు. లండన్ చూపించాం, పెద్ద పెద్ద కోటలు చూపించాం. "బాగుందిరా" అన్నారు. అంతే.

ఆఫీసులో ఓ మిత్రుడికి ఈ మాట చెబితే నవ్వి, "మాల్వెర్న్ తీసుకెళ్ళు. అక్కడ ఇప్పటికీ కర్ర వాడి కార్లు కడతారు" అన్నాడు. కర్రతో కారా? నాన్నకి చెప్పాను. కుర్చీలోంచి లేచారు!

ఎమ్5 మీద దక్షిణానికి వెళ్ళి, వూస్టర్ దాటితే చాలు, చదునైన పచ్చటి నేల మీద ఒక్కసారిగా కొండల వరస లేస్తుంది. అవే మాల్వెర్న్ కొండలు. అన్నింటిలోకి ఎత్తయిన వూస్టర్‌షైర్ బీకన్ 425 మీటర్లు. ఇక్కడి ఊట నీళ్ళకి ఎంతో పేరు. సంగీతకర్త ఎల్గార్ తిరిగిన దారులు, సమాధి ఈ కొండల చెంతనే ఉన్నాయి. ఆ కొండల కింద పికర్స్‌లీ రోడ్డులో ఎర్ర ఇటుకల షెడ్లు వరసగా కనిపిస్తాయి. అదే మోర్గన్ మోటార్ కంపెనీ. చూడటానికి కార్ల ఫ్యాక్టరీలా ఉండదు, మన ఊళ్ళలో పాత రైసు మిల్లులా ఉంటుంది.

ఫాదరీ గారి అబ్బాయి

ఈ కంపెనీ పెట్టిన హెచ్. ఎఫ్. ఎస్. మోర్గన్ 1881లో పుట్టాడు. తాత చర్చి ఫాదరీ, తండ్రి కూడా ఫాదరీయే. అబ్బాయి కూడా అదే దారిలో వెళ్ళాలి కదా! ఇతనికేమో యంత్రాల పిచ్చి. స్విండన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకున్నాడు. తరువాత మాల్వెర్న్ లింక్‌లో గ్యారేజీ పెట్టాడు. 1909లో, మాల్వెర్న్ కాలేజీలో ఇంజనీరింగ్ నేర్పే స్టీఫెన్సన్-పీచ్ మాస్టారి సాయంతో తన కోసం ఓ చిన్న బండి కట్టుకున్నాడు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఊళ్ళో అందరూ ముచ్చటపడ్డారు. వ్యాపారానికి డబ్బు పెట్టి అండగా నిలిచింది ఎవరనుకున్నారు? ఆ ఫాదరీ గారే! తరువాత కంపెనీకి చైర్మన్ కూడా ఆయనే అయ్యారు.

1910లో లండన్ ఒలింపియా మోటార్ షోలో పెడితే ఆర్డర్లు ముప్పై మాత్రమే వచ్చాయి. కారణం సులువే, అందులో కూర్చోవడానికి ఒక్కరికే చోటు. భార్యాభర్తలు కలిసి ఎలా వెళ్తారు? మరుసటి ఏడు రెండు సీట్లతో తెచ్చారు. హారోడ్స్ దుకాణం దాన్ని అద్దాల కిటికీలో పెట్టి చూపించింది. ఇక వెనక్కి చూసుకోలేదు.

"నాన్నా, దీనికి నాలుగో చక్రం ఎవరు తీసేశారు?" అని మ్యూజియంలో పాత బండి చూసి మా అమ్మాయి అడిగింది. పన్ను లెక్క తల్లీ! మూడు చక్రాల తేలిక బండికి మోటారు సైకిల్ లెక్కన తక్కువ పన్ను వేసేవారు. సామాన్యుడు కొనగలిగేవాడు. 1930లలో చిన్న కార్లు చవకయ్యాయి. 1935లో ఫోర్డ్ వంద పౌండ్లకే కారు ఇచ్చింది. అప్పుడు మోర్గన్ నాలుగో చక్రం తగిలించాడు. 1936లో వచ్చిన ఆ కారు పేరు 4-4, అంటే నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలు.

షెడ్డులో చెక్క వాసన

గైడు ఓ పెద్దాయన. షెడ్ల మధ్య నేల ఏటవాలుగా ఉంటుంది. ఒక షెడ్డులో పని అయ్యాక కారుని మనుషులే నెట్టుకుంటూ తరువాతి షెడ్డుకి తీసుకెళ్ళేవారట. చెక్క పని షెడ్డు తలుపు దాటగానే నాన్న ఆగిపోయారు. కళ్ళు మూసుకుని గాలి పీల్చారు. రంపం పొట్టు వాసన!

చాలామంది మోర్గన్ కారు ఛాసిస్ కర్రది అనుకుంటారు. కాదు. ఛాసిస్ ఎప్పుడూ లోహమే. దాని మీద కర్రతో ఒక చట్రం కట్టి, ఆ చట్రానికి పైన అల్యూమినియం రేకు తొడుగుతారు. మన ఒంట్లో ఎముకల గూడు లాగన్నమాట.

"ఏం కలపరా?" అన్నారు నాన్న. గైడుని అడిగి "యాష్" అని చెప్పాను. "అంటే బూడిదా తాతయ్యా?" అని మా అమ్మాయి నవ్వింది. బూడిద కాదు, చెట్టు పేరే అది. తేలికగా ఉంటుంది, విరగకుండా వంగుతుంది, కుదుపుని తట్టుకుంటుంది. అందుకే సుత్తులకీ గొడ్డళ్ళకీ పిడులు దీంతో చేస్తారు. క్రికెట్ బ్యాటు విల్లో కర్రదైతే, వికెట్లు ఈ యాష్ కర్రవే.

వెనక చక్రం మీద గుండ్రంగా తిరిగే భాగాన్ని ఒక్క దుంగలోంచి కోయరు. పలచని చెక్క పట్టీలకు జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి వేసి, అచ్చులో బిగించి ఆరబెడతారు. గైడు ఓ ముక్క నాన్న చేతికిచ్చాడు. ఆయన బొటనవేలితో అంచు తడిమి, వెలుతురుకి ఎత్తి చూసి, "నునుపు యంత్రం కాదు, చేత్తో పట్టిన చిత్రిక. మనిషి దమ్మున్నోడు" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. బల్ల దగ్గర పనిచేస్తున్న కుర్రాడు తలెత్తి నవ్వాడు. ఆ తరువాత నా అవసరం లేకపోయింది. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

వద్దన్న మాట

ఇంజన్లు ఎప్పుడూ బయటి కంపెనీలవే కొనేవారు. 1950ల తొలినాళ్ళలో ఇంజన్లు ఇస్తున్న స్టాండర్డ్ కంపెనీ, "మీ కంపెనీనే మాకు అమ్మెయ్యండి" అంది. మోర్గన్ కుటుంబం వద్దంది. మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. దాని మూలం ఆ కంపెనీయే. అంత పెద్ద కంపెనీని 1961లో లేలాండ్ కొనేసింది. 1984 తరువాత ట్రయంఫ్ పేరుతో కార్లు రాలేదు. చిన్న మోర్గన్ మాత్రం మిగిలింది.

1962లో ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల పందేనికి మోర్గన్ ప్లస్ 4ని రోడ్డు మీదే నడుపుకుంటూ వెళ్ళి, రెండు లీటర్ల తరగతిలో గెలిచి, అదే కారులో ఇంటికి వచ్చారట!

1990లో బీబీసీ 'ట్రబుల్‌షూటర్' కార్యక్రమానికి ఐసీఐ మాజీ చైర్మన్ సర్ జాన్ హార్వీ-జోన్స్ వచ్చారు. కారు కోసం జనం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఉత్పత్తి పెంచండి, పద్ధతులు మార్చండి అన్నారు ఆయన. వ్యవస్థాపకుడి కొడుకు పీటర్ మోర్గన్ ఒప్పుకోలేదు. చూసినవాళ్ళు పీటర్ పక్షం వహించారు, ఆర్డర్లు ఇంకా పెరిగాయి.

అలాగని ఏమీ మారలేదనుకోకండి. 2000లో అల్యూమినియం ఛాసిస్‌తో ఏరో 8 వచ్చింది. 1936 నుంచి సాగిన స్టీలు ఛాసిస్‌కి 2020లో సెలవు చెప్పారు. 2022లో సూపర్ 3 పేరుతో కొత్త మూడు చక్రాల బండి వచ్చింది. పీటర్ 2003లో కన్నుమూశారు. ఆయన కొడుకు చార్లెస్ 2013లో కంపెనీకి దూరమయ్యారు. 2019లో ఇన్వెస్ట్‌ఇండస్ట్రియల్ అనే ఇటలీ వారి సంస్థ పెద్ద వాటా కొంది. వందేళ్ళకు పైగా నడిపిన కుటుంబం చేతిలో ఇప్పుడు పగ్గాలు లేవు. నాలుగు చక్రాల కార్లలో యాష్ చట్రం మాత్రం ఉంది.

ముక్కాలి పీట

టీ తాగుతూ ఇదంతా నాన్నకి చెప్పి, "కుటుంబం చేతిలోంచి పోయింది నాన్నా, బాధగా లేదూ?" అన్నాను.

"షెడ్డు ఎవరిదైతే ఏంట్రా? ఉలి పట్టే చెయ్యి ఉందా లేదా, అదీ చూడాలి" అన్నారు.

"మరి మీ ఉలి ఎక్కడుంది తాతయ్యా?" అడిగింది మా అమ్మాయి.

"అటక మీద."

"నాన్నకి ఎందుకు నేర్పలేదు?"

నాన్న నా వైపు చూడలేదు. "మీ నాన్న చిన్నప్పుడు అడిగాడే. నేనే వద్దన్నాను. ఈ చేతులు కాయలు కాస్తే చాలు, వాడివి కాయకూడదనుకున్నా" అన్నారు.

నేను అడిగినట్టు నాకు గుర్తే లేదు. ఫాదరీ గారు కొడుకుని తన దారి వదిలి వెళ్ళనిచ్చారు. మా నాన్నా అంతే. అందుకే నేను ఇక్కడున్నాను. కానీ చిత్రిక, బాడిస, రంపం అన్న మాటలు నా దగ్గర మిగిలాయి, పని మిగల్లేదు. మా అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి మాటలూ లేవు.

మరునాడు తాతా మనవరాలూ దుకాణానికి వెళ్ళి పైన్ చెక్క, చిన్న రంపం, ఒక చిత్రిక కొనుక్కొచ్చారు. వారం రోజులు మా గ్యారేజీ నిండా పొట్టే! "నాలుగో కాలు వద్దు తాతయ్యా, మోర్గన్ లాగా చేద్దాం" అందట. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదని ఆయన నేర్పారు. జూలైలో నాన్న ఊరికి వెళ్ళిపోయారు. ఫోనులో ఆయన మొదటి ప్రశ్న ఇప్పుడు నా ఆరోగ్యం గురించి కాదు, మనవరాలు చిత్రికకి నూనె రాస్తోందా లేదా అని.

వెళ్ళదలచిన వారికి: ఫ్యాక్టరీ టూరుకి ముందుగా బుక్ చేసుకోవాలి. షెడ్లలో పని జరుగుతుండగా చూడాలంటే పని రోజుల్లో వెళ్ళండి. రైల్లో అయితే మాల్వెర్న్ లింక్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళవచ్చు. సాయంత్రం పిల్లలతో బీకన్ కొండ ఎక్కడం మరచిపోకండి. పులిహోర పొట్లాలకి ఇంతకంటే మంచి చోటు దొరకదు.