పేరే పెట్టుబడి

బాల్యము నుండియు నాకు తపాలా బిళ్ళలు సేకరించు అభిరుచి కలదు. నిజాము సంస్థానము 1869లో వెలువరించిన తొలి బిళ్ళ యైనను, చార్మినారు బొమ్మ గల 1931 నాటి బిళ్ళ యైనను కనబడినచో నా చూపు మరలదు. చిన్న చిరుగు, వెనుక పలుచబడిన కాగితము, చెరిపివేసిన తపాలా ముద్ర, వీనిలో ఏది యున్నను బిళ్ళ వెల పడిపోవును. ఛాయాచిత్రమున ఇవి యన్నియు కానరావు. కావున దూరమునుండి కొనువాడు నిజమునకు అమ్మువాని మాటనే కొనుచున్నాడు.

అమెరికాలో 1995లో పియర్ ఒమిడ్యార్ స్థాపించిన ఈబే యను అంతర్జాలపు అంగడి ఈ సత్యమును గ్రహించినది. బేరము ముగిసిన పిదప ఇరువురును ఒకరినిగూర్చి యొకరు అభిప్రాయము వ్రాయు పద్ధతిని తొలినాళ్ళలోనే ఏర్పరచినది. నాణెములు, బిళ్ళలు అమ్ము చిన్న వర్తకులకు ఆ మంచిమాటలే పెట్టుబడి యైనవి.

కాని స్థలము వేరొకరిది. 2008లో ఆ సంస్థ అమ్మకముపై తీసికొను రుసుమును హెచ్చించినది. కొనువారినిగూర్చి చెడుగా వ్రాయు అవకాశమును అమ్మువారికి లేకుండ చేసినది. తమను తిరిగి నిందింతురను భయమున కొనువారు నిజము వ్రాయుటకు జంకుచున్నారని దానికి కారణము చెప్పిరి. అందును కొంత న్యాయము లేకపోలేదు. అయినను ఆ ఫిబ్రవరిలో పలువురు వర్తకులు వారము దినములు అమ్మకములు మాని నిరసన తెలిపిరి. నియమము మాత్రము మారలేదు.

మన దేశమున జరిగినది మరింత కఠినము. 2004లో బాజీ డాట్ కామ్ అను సంస్థను కొని ఈబే ఇచట వ్యాపారము సాగించినది. 2017లో ఆ భారతీయ శాఖ ఫ్లిప్‌కార్టు వశమైనది. 2018 ఆగస్టు 14వ తేదీన మూతపడినది. అటుపిమ్మట ఫ్లిప్‌కార్టు తెరచినది బాగుచేసిన పాత ఫోనులు మొదలగువాని అంగడి. అందు తపాలా బిళ్ళలకు చోటేది? పెద్ద సంస్థకు అది యొక వ్యాపార నిర్ణయము మాత్రమే. చిన్న వర్తకుడు సరకును మూటగట్టి వేరొకచోటికి కొనిపోవచ్చును. ఏండ్లతరబడి అచట కూడబెట్టిన పేరును కొనిపోవుటెట్లు?

విద్యార్థులారా, అంతర్జాలపు అంగళ్ళు చెడ్డవని నా భావము కాదు. కరీంనగరమున నున్న వర్తకుడు లండనులోని వానికి బిళ్ళ నమ్మగలుగుట వాని చలవయే. అయితే నేను మంచి బిళ్ళ కొనినప్పుడెల్ల అమ్మిన వాని పేరును, చిరునామాను నా పుస్తకమున వ్రాసికొందును. అంగడి మూతపడినను నమ్మకస్థుడైన మనిషిని పోగొట్టుకొనకుండుటకు నాకు తోచిన ఉపాయ మిదియే.