తీరికపని

ఆడువారు ఇంట గూర్చుండి చేయు పనులలో కొన్నింటికి మనవారు "ఊసుపోక" యని పేరు పెట్టిరి. లేసు అల్లిక వానిలో నొకటి. ఈ పేరు తగునా తగదా యని నేను అరువదియేండ్లు విచారింపలేదు. గడచిన వేసవిలో నాలుగు టోపీలును నాలుగు సంచులును నాచేత విచారింపజేసినవి.

మాది సాలూరు. తూర్పు కనుమల క్రింద, వేగావతి యొడ్డున నున్న యూరు. లారీలకు పేరుపడినది. కొండలు చెంతనేయున్నను వేసవి యెండ నిప్పులు చెరుగును. సెలవులకు నా కొమార్తెలిద్దరును పిల్లలతో వచ్చి, విజయనగరము మీదుగా భీమునిపట్నము సముద్రమునకు పోవలెనని నిశ్చయించిరి. "అమ్మమ్మా! మా నలుగురికీ ఒకే రంగు టోపీలు, జతకు ఒకే రంగు సంచులు అల్లిపెట్టవా?" యని పెద్ద మనుమరాలు ఫోనులో నడిగెను. ఆ కోరికలో వేడుకయే గాక వివేకమును కలదు. ఇసుకలో వందలమంది నడుమ పసుపుపచ్చని టోపీలు నాలుగు కనబడుచుండినచో పెద్దలకు నిశ్చింత. సంచి వలవలె నల్లినచో గవ్వలు నిలుచును, ఇసుక రాలిపోవును.

టోపీ యల్లుట చూచువారికి ఆటవలె నుండును. దానిలో లెక్క యున్నది. నడినెత్తిన ఆరు కుట్లతో మొదలుపెట్టవలెను. రెండవ వరుసకు పండ్రెండు, మూడవదానికి పదునెనిమిది. ఇట్లు వరుసకారు చొప్పున పెంచినచో బిళ్ల చదునుగా వచ్చును. తక్కువ పెంచినచో గిన్నెవలె ముడుచుకొనును. ఎక్కువైనచో అంచు కుచ్చెళ్లు పడును. తల చుట్టుకొలత 51 సెంటీమీటర్లయినచో బిళ్ల అడ్డము పదునారు సెంటీమీటర్లగునప్పటికి పెంచుట మాని, చెవుల వరకు నిలువుగా దిగవలెను. పిమ్మట నీడ పట్టుటకై అంచును మరల పెంచవలెను. నూలు పత్తిదే కావలెను. అది చెమటను పీల్చును. ఇట్లు టోపీకి ఏడు గంటలు పట్టినది. మొదటి సంచిని అల్లి చూడగా దానికి తొమ్మిది గంటలు పట్టినది.

నా పుట్టిల్లు నరసాపురము చెంత నొక పల్లె. అచ్చటి లేసు పని పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల వలన వచ్చినది. ఐర్లండులో 1845లో ఆలుగడ్డ పైరుకు తెగులు సోకి కరవు వచ్చినప్పుడు, అచ్చటి స్త్రీలును ఈ కొక్కెపు సూదితోనే లేసు అల్లి యమ్మి కడుపులు నింపుకొనిరి. మా అమ్మ అన్నము వార్చి, పిల్లలను బడికంపి, పెరటి అరుగుపై కూర్చుండి దీపము పెట్టువేళవరకు పువ్వులల్లెడిది. పువ్వులల్లుట చేతిపని, వానిని కలిపి బల్లగుడ్డగా చేయుట అతుకుపని. ఏజెంటు నూలిచ్చి, అల్లినవానిని లెక్కించి తీసికొనిపోవువాడు. పువ్వులన్నియు నొకే కొలతకు రానిచో కొన్నింటిని ప్రక్కకు త్రోసి కూలి తగ్గించువాడు. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు నాలుగు డబ్బులు వస్తున్నాయి కదమ్మా!" యని పైగా ననువాడు. మా అమ్మయు నవ్వి యూరకుండెడిది. నలుబదియైదవ యేటికే ఆమెకు సూదికొన కనబడుట మానినది.

మరియా మీస్ అను జర్మను విదుషీమణి నరసాపురపు లేసుపనివారిని గూర్చి 1982లో నొక గ్రంథము ప్రకటించెను. ఆ స్త్రీలు ఇంటిపనిగాక దినమునకు 6 నుండి 8 గంటలు లేసు అల్లుచుండినను, వారిని పనివారని గాక గృహిణులనియే లోకము పిలిచెననియు, ఆ పిలుపు వలననే వారి కూలి అంత స్వల్పముగా నిలిచెననియు ఆమె వాదము. 2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. అల్లిన గంటలకు గుర్తింపు వచ్చినప్పుడు గదా సంతోషము నిండుట!

ఇంతవరకు నేను న్యాయమూర్తివలె మాటలాడితిని. ఇక నా సంగతి వినుడు. మొదటి సంచితోనే నా వ్రేళ్లు నొచ్చినవి. మా వీధిలో డిగ్రీ చదువుకొనుచున్న అమ్మాయికి అల్లిక వచ్చునని తెలిసి, తక్కిన మూడు సంచులను ఆమెకు పురమాయించితిని. "నీకు సెలవులే గదా, తీరికగా అల్లు. మూడింటికీ మూడువందలిస్తాను" అంటిని. ఆమె మారు మాటాడలేదు. వారము దినములకు తెచ్చినది. కుట్టు ముచ్చటగా నున్నది. కాని ఆమె చేయి బిగువు. రెండు సంచులు నా సంచికంటె రెండంగుళములు చిన్నవైనవి. "జత కుదరలేదే! వీటికి కొంచెం తగ్గించుకుందామా?" అంటిని.

ఆ మాట నా నోట వెడలిన క్షణమున ఏజెంటు గొంతు నా చెవికి వినబడినది. అమ్మాయి తలవంచుకొని, "మీ ఇష్టం మామ్మగారూ" అనెను. మా అమ్మ నవ్వినట్లే ఆమెయు నవ్వెను.

కాగితము తీసికొని లెక్క వేసితిని. మూడు సంచులకు 27 గంటలు. మూడువందలను పంచినచో గంటకు పండ్రెండు రూపాయలైనను పడదు. గడచిన నెలలో మా పెరటిగోడ కట్టిన కూలివానికి ఎనిమిది గంటల దినమునకు 600 రూపాయలిచ్చితిని. అతడు అడిగెను, నేను బేరమాడలేదు. ఆ లెక్కన అమ్మాయికి 2,025 రూపాయలు రావలెను. ఆ యంకె చూచి నా చేయి వెనుకాడిన మాట దాచను. "ఈ డబ్బుకు బజారులో పది సంచులు వచ్చును" అని మా వారును అనిరి. రావచ్చును. కాని బట్టను మగ్గపు యంత్రము నేయునుగాని, క్రోషే అల్లికకు నేటికిని చేయియే ఆధారము. బజారులో సంచి చవుకయైనచో, ఎచ్చటనో ఒక స్త్రీ గంటలు చవుకయైనవని యర్థము. నేను పూర్తి సొమ్ము ఇచ్చితిని. అమ్మాయి రెండుమారులు లెక్కించి, పొరపాటున నెక్కువ వచ్చినదేమో యని నన్నడిగెను. ఆ ప్రశ్న నన్ను సిగ్గుపరచినంతగా మరియేదియు పరచలేదు.

చిన్న సంచులు రెండును చిన్న పిల్లలిద్దరి భుజములకు సరిగా నమరినవి. భీమిలి ఒడ్డున నలుగురును గవ్వలు నింపుకొనిరి. తగ్గింపదలచిన కొలతయే వారికి తగిన కొలత యయ్యెను.

సోదరీమణులారా! మనుమలకు ప్రేమతో నల్లుడు. దానికి వెల లేదు, అక్కరయు లేదు. కాని యితరులచేత నల్లించుకొనునప్పుడు ఆ ప్రేమమాట అడ్డుపెట్టి గంటలను మింగకుడు. అల్లు ప్రతి యమ్మాయియు సూదితోపాటు ఒక చిన్న పుస్తకముంచుకొని, కూర్చున్న వేళయు లేచిన వేళయు వ్రాసికొనవలెను. మా వీధి యమ్మాయికి అట్టి పుస్తక మొకటి కొనియిచ్చితిని. మొదటి పుటలో ఆమె వ్రాసినది ఇది: సంచులు మూడు, గంటలు ఇరువదియేడు.