కలపలో పుట్టిన క్రియ

ఆంగ్లంలో 'మెటీరియలైజ్' అని ఒక క్రియ ఉంది. ఆలోచన గానీ, పథకం గానీ, ఆశ గానీ నిజరూపం దాల్చడమని దాని అర్థం. చిత్రమేమిటంటే, నిత్యవ్యవహారంలో ఇది తరచుగా 'కాలేదు'తోనే జతకడుతుంది. వస్తుందనుకున్న ఉద్యోగం, కుదిరిందనుకున్న సంబంధం, ఇస్తామన్న అప్పు - ఇవన్నీ మెటీరియలైజ్ కాకుండా పోయేవే.

ఈ మాట మూలాలు తవ్వితే కలప బయటపడుతుంది. లాటిన్‌లో 'మాతేరియా' అంటే ఇల్లు కట్టే కలప, చెట్టు మాను. ఏ వస్తువుకైనా మూలద్రవ్యం అన్న అర్థం దాని విస్తరణే. పోర్చుగీసు వారి 'మదేయ్‌రా' నేటికీ కర్రే. దట్టమైన అడవుల వల్లనే వారి ద్వీపానికి ఆ పేరు వచ్చింది. అరిస్టాటిల్ మూలద్రవ్యానికి వాడిన గ్రీకు పదం 'హ్యూలే' కూడా కలపే. మాతేరియాకు మూలం 'మాతెర్', అనగా తల్లి, అని పలువురు పండితుల అభిప్రాయం. ఆ మాతెర్‌కూ మన 'మాతృ' శబ్దానికీ తోబుట్టువుల వరస.

కలప నుండి ఈ క్రియ దయ్యాల దాకా వెళ్ళింది. 19వ శతాబ్దపు ప్రేతావాహన సభలలో ఆత్మ దేహం ధరించి కనబడడాన్ని ఈ మాటతోనే చెప్పేవారు. లండనులో ఫ్లారెన్స్ కుక్ సభలలో కేటీ కింగ్ అనే 'ఆత్మ' ప్రత్యక్షమయ్యేదట. థాలియం మూలకాన్ని కనుగొన్న విలియం క్రూక్స్ అంతటివాడు 1874లో ఆమెను సమర్థిస్తూ వ్రాశాడు!

తెలుగులో దీనిని ఏమందాం? 'సాకారమగు' అంటే ఆకారం మాత్రమే వస్తుంది. 'కార్యరూపం దాల్చు' పత్రికలవారి చేతిలో అరిగిపోయింది. పైగా మన 'పదార్థం' పుట్టుకే వేరు. అది కలపలో పుట్టలేదు. పదానికి అర్థమైనదేదో అదే పదార్థం. వారికి చెట్టు మూలమైతే మనకు మాట మూలం.

నాకు నచ్చినది 'కైగూడు'. కోరుకున్నది చేతికి అందడం. ఈ మాట తలచినప్పుడల్లా మా నాన్నగారు గుర్తుకు వస్తారు. సొంత ఇల్లు కట్టాలని ఆయన టేకు దూలాలు కొని పెరటి వసారాలో పేర్పించారు. ఏటా వాటికి చెదలమందు పూసేవారు. ద్వారబంధం ఏ దుంగతో చేయించాలో కూడా నిర్ణయించుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత చెల్లెలి పెళ్ళికి ఆ కలప అమ్మేశారు. బండి కదిలేటప్పుడు ఒక దూలాన్ని అరచేత్తో తట్టి లోపలికి వెళ్ళిపోయారు.

లాటిన్ లెక్కన మాతేరియా అంతా ఆయన దగ్గర ఉంది. ఇల్లు మాత్రం కైగూడలేదు.

ఇంతకన్న చక్కని తెలుగు మాట మీకు తోస్తే చెప్పగలరు.