పేరు కనబడని పని

వాడపల్లి నుండి ఆత్రేయపురం వెళ్లి, చిన్న పూతరేకుల కంపెనీలో యజమానికి సహాయకులుగా పనిచేసే మా వంటివారిని బంధువులు అడుగుతారు: "ఇంత చదివి ఇదేనా?" 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆర్డర్లు రాసుకునేది, పార్సిళ్లు పంపించేది, యజమానికి అన్నీ గుర్తుచేసేది మేమే. డబ్బా మీద మాత్రం మా పేరుండదు.

అలాంటప్పుడు మాకు బారూకు గుర్తొస్తాడు. యిర్మీయా చెబుతుంటే ఆయన రాశాడు. యెహోయాకీము రాజు ఆ గ్రంథాన్ని కోసి కుంపటిలో కాల్చేశాడు. బారూకు మళ్లీ మొదటినుండి రాశాడు, ముందుకంటే ఎక్కువే రాశాడు. గొప్పవాటిని వెదకవద్దని దేవుడు ఆయనకు చెప్పాడు. ప్రాణం మాత్రం కాపాడతానన్నాడు.

యజమాని అడగకముందే కావలసిన కాగితం బల్లమీద పెట్టిన రోజు మాకు హాయిగా నిద్ర పడుతుంది. నమ్మకంగా చేసిన పని దేవుని లెక్కలో ఉంటుంది. ఆమేన్.